డీజిల్ కారులో 18 లీటర్ల పెట్రోల్ పడింది, ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయలేదు

సూర్యాపేట రోడ్డు (ప్రశ్న):

బండి 2016 మోడల్ హ్యాచ్‌బ్యాక్, 1.3 లీటర్ల కామన్ రైల్ డీజిల్, మాన్యువల్ గేరు. ట్యాంకు 42 లీటర్లు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద బంకులో ఫుల్ ట్యాంక్ చెప్తే పెట్రోల్ గన్ను పెట్టేశారు. మీటరు 18 లీటర్లు చూపిస్తుండగా కనిపెట్టి ఆపించాం. అంతకుముందు ట్యాంకులో 9 లీటర్ల దాకా డీజిల్ ఉండాలి. సెల్ఫ్ కొట్టలేదు. బండి ఇంకా పంపు పక్కనే ఉంది.

బంకు వాళ్లు రెండు దారులు చెప్తున్నారు. మిగతా ఖాళీని డీజిల్‌తో నింపేసి మెల్లగా పోనిస్తే ఏమీ కాదని ఒకరు. పక్క షెడ్డు నుంచి కుర్రాణ్ని పిలిచి గొట్టం పెట్టి ఇక్కడే లాగించేస్తామని ఇంకొకరు. ఏది వినాలి? ఫిల్టర్ మార్చాలా? ఖర్చు ఎవరి మీద పడుతుంది?

క్రేన్ డెస్క్:

రెండూ వినొద్దు. ముందు తాళం సంగతి. ఆన్‌లో పెట్టకండి. డాష్‌బోర్డు లైట్లన్నీ వెలిగే మెట్టుకి తాళం వెళ్తే చాలా బళ్లలో ట్యాంకులోని ఎలక్ట్రిక్ పంపు తనంతట తాను తిరుగుతుంది. స్టీరింగ్ లాక్ తీయడానికి మొదటి మెట్టు, అంటే ఏసీసీ చాలు. పుష్ బటన్ బండైతే క్లచ్చుగానీ బ్రేకుగానీ తొక్కకుండా ఒక్కసారే నొక్కాలి, రెండోసారి నొక్కితే ఆన్ అయిపోతుంది. ఆటోమేటిక్ వాళ్లకి గేరు లివర్ పక్కన చిన్న మూత కింద షిఫ్ట్ లాక్ మీట ఉంటుంది, దాన్ని నొక్కి న్యూట్రల్‌కి తెచ్చుకోవచ్చు.

బండిని కదిలించేముందు మూడు ఫొటోలు తీసుకోండి: మీటరు మీద లీటర్లు కనిపించేలా ఒకటి, ఏ గన్ను వాడారో అది, మీ ట్యాంకు మూత దగ్గర ‘డీజిల్’ అని ఉన్న స్టిక్కరు. బిల్లు కాగితం మీద ఇంధనం పేరు, నాజిల్ నంబరు, టైము ఉంటాయి. యూపీఐ మెసేజ్ ఉంది కదా అని బిల్లు వదిలేయకండి, మెసేజ్‌లో డబ్బే ఉంటుంది, ఏం పోశారో ఉండదు.

తర్వాత న్యూట్రల్‌లో పెట్టి నలుగురూ తోసి పంపులకి దూరంగా, ఎండ తగలని చోట నిలపండి. జాతీయ రహదారి మీదే ఉన్నారు కాబట్టి సొంత టోయింగ్ దొరక్కపోతే 1033కి ఫోన్ చేయొచ్చు. ఇన్సూరెన్సులో రోడ్ సైడ్ అసిస్టెన్స్ యాడ్ ఆన్ ఉంటే ముందు వాళ్లకే చేయండి. కొన్ని పాలసీల్లో తప్పు ఇంధనం పడితే ట్యాంకు ఖాళీ చేయించడం కూడా కలిసే ఉంటుంది. పాలసీ కాగితంలో ఆ వాక్యం ఉందో లేదో చూసుకుని మాట్లాడండి. ఎవరైనా ‘గేర్లో వేసి తోస్తే స్టార్ట్ అవుతుంది’ అంటే ఒప్పుకోకండి. సెల్ఫ్ కొట్టినా, తోసి అందుకున్నా పంపు తిరగడం ఒకటే.

పంపు ల్యాబ్:

ఎందుకింత హడావుడి అంటే, కామన్ రైల్ బండిలో, అంటే ‘రైలు’ అనే ఒకే గొట్టంలో ఒత్తిడి మీద ఉంచిన డీజిల్‌ని ఇంజెక్టర్లు సిలిండర్లలోకి చిమ్మే బండిలో, హైప్రెషర్ పంపుకి విడిగా ఇంజిన్ ఆయిల్ అందదు. దాని లోపలి క్యామ్, రోలర్లు, ప్లంజర్లు అన్నిటికీ డీజిలే ఆయిల్. ప్లంజరుకీ, అది జారే బ్యారెల్ గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, తల వెంట్రుకలో పాతికో వంతు కూడా ఉండదు. ఆ సందులో నిలబడి లోహాన్ని లోహానికి తగలనివ్వకుండా ఆపేది డీజిల్ జిగట. 40 డిగ్రీల దగ్గర డీజిల్ జిగట 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్, పెట్రోల్‌ది అరకు అటూ ఇటూ. దానికి తోడు పెట్రోల్ మంచి సాల్వెంటు, ఉన్న ఆ కాస్త జిడ్డునీ కడిగేస్తుంది.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. పెట్రోల్‌లో తేలికపాటి భాగాలు 35–40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. డీజిల్ మరిగేది సుమారు 180 నుంచి 360 డిగ్రీల మధ్య. వేడెక్కిన పంపులోకి పెట్రోల్ వెళ్తే లోపలే ఆవిరి బుడగలు పుడతాయి. ఆ బుడగలు పగిలినచోట లోహం గుంటలు పడుతుంది, ప్లంజరు ఒత్తిడి అందుకోలేదు. రైలులో 1,600 బార్ (వాతావరణ పీడనానికి దాదాపు అన్ని రెట్లు) దాకా నిలపాల్సిన పంపు ఇది.

పంపు అరిగితే అక్కడితో ఆగితే బాగుండేది. రాలిన ఇనుప రజను ఎటు పోతుందో చూడండి. ఒక వైపు రైలులోకి, అక్కణ్నుంచి ఇంజెక్టర్లలోకి. ఇంకో వైపు రిటర్న్ పైపు గుండా మళ్లీ ట్యాంకులోకి. ఫిల్టరు పంపుకి ముందు ఉంటుంది, తర్వాత కాదు. కాబట్టి పంపు నుంచి పుట్టిన రజనుని ఇంజెక్టర్ల దాకా ఆపేవాడు లేడు. అందుకే ఒక్క పంపు మార్చి బండి ఇచ్చేస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే ఫిర్యాదుతో వస్తుంది.

మీది సెల్ఫ్ కొట్టలేదు కాబట్టి ఇదంతా మొదలవ్వలేదు. ట్యాంకు ఖాళీ చేసి కడిగితే వేలల్లో తేలుతుంది. నడిపి ఉంటే లెక్క లక్షల్లోకి పోవచ్చు.

పాత జీపు:

ఇంత భయపెట్టక్కర్లేదేమో. ఇన్‌లైన్ పంపు (ఒక్కో సిలిండరుకి ఒక్కో ప్లంజరు వరసగా ఉండే పాత రకం) ఉన్న పాత డీజిల్ ఇంజిన్లకి చలి దేశాల్లో కొంత కిరోసినో పెట్రోలో కలపమని మాన్యువల్‌లోనే రాసేవారు. డీజిల్ నిండా కొట్టించి, ఒక అర లీటరు 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్ల ఆయిల్) పోస్తే జిగట వచ్చేస్తుంది. 2,000 ఆర్పీఎమ్ దాటకుండా ఇంటికి చేరొచ్చు.

పంపు ల్యాబ్:

పాత ఇన్‌లైన్ పంపు గురించి మీరు చెప్పింది నిజమే. దాని క్యామ్‌షాఫ్టుకి ఇంజిన్ ఆయిల్ అందుతుంది, ఒత్తిడి కూడా కొన్ని వందల బార్‌లోనే ఉంటుంది. ఆ సలహా ఆ పంపుతోనే పోయింది. ఇక్కడున్నది కామన్ రైల్.

లెక్క చూద్దాం. 18 లీటర్ల పెట్రోల్, 9 లీటర్ల డీజిల్, మొత్తం 27. పెట్రోల్ వాటా 67 శాతం. ఖాళీ 15 లీటర్లూ డీజిల్‌తో నింపినా 42లో 18, అంటే 43 శాతం పెట్రోలే. దాన్ని 2 శాతానికి దించాలంటే 900 లీటర్ల ట్యాంకు కావాలి. ఒక లీటరు పడగానే చూసుకుని నిండా డీజిల్ కొట్టిస్తే 2.4 శాతం దగ్గర తేలుతుంది. దాని గురించైతే కనీసం వాదన ఉంది, అయినా కంపెనీ మాన్యువళ్లు అది కూడా వద్దనే అంటాయి. 43 శాతం మీద వాదనే లేదు.

2టీ ఆయిల్ జారుడుతనాన్ని కొంత తెస్తుంది, సరే. కానీ ఆవిరి బుడగల్ని ఆపదు, సీటేన్‌ని (డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే అంకె) పెంచదు. బీఎస్-6 డీజిల్‌కి సీటేన్ కనీసం 51 ఉండాలి, అంటే ఒత్తిడి వేడికే వెంటనే అంటుకోవాలి. పెట్రోల్ తయారీ దీనికి తలకిందులు. స్పార్కు వచ్చేదాకా అంటుకోకుండా ఉండటమే దాని గుణం. సిలిండర్లో ఆలస్యంగా, ఒక్కసారిగా అంటుకుంటే ఆ దెబ్బ పిస్టన్ మీద పడుతుంది.

ఇప్పటి మన పెట్రోల్ ఉత్త పెట్రోల్ కూడా కాదు, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. డీజిల్‌తో సరిగా కలవదు. ట్యాంకు అడుగున కొంచెం నీరు ఉంటే ఇథనాల్, నీరు కలిసి వేరే పొరగా దిగుతాయి, పికప్ పైపు పీల్చేది ఆ అడుగు నుంచే. ఆ నీరు ఎక్కువైతే ఫిల్టరులో నిలబడదు, పంపులోకి పోతుంది.

సూర్యాపేట రోడ్డు:

బండి ఫ్లాట్ బెడ్ మీద వర్క్‌షాపుకి బయల్దేరింది. ఒక విషయం ముందు రాయలేదు. కిటికీ అద్దం దించడానికి తాళం ఆన్‌లో పెట్టాం, ఇరవై సెకన్లు ఉండొచ్చు. ఇంజిన్ తిరగలేదు. వెనక సీటు కింద గుయ్‌మని కాసేపు మోగి ఆగింది.

పంపు ల్యాబ్:

ఆ గుయ్ శబ్దమే ట్యాంకు పంపు. కొన్ని బళ్లలో రెండు మూడు సెకన్లు, కొన్నింటిలో అర నిమిషం తిరిగి ఆగుతుంది. పెట్రోల్ ఫిల్టరు దాకా, బహుశా హైప్రెషర్ పంపు ముఖం దాకా వచ్చి ఉంటుంది. హైప్రెషర్ పంపుని తిప్పేది ఇంజిన్, మీ ఇంజిన్ తిరగలేదు, కాబట్టి అరుగుదల లేదు. కానీ పని ఒకటి పెరిగింది: ట్యాంకుతోబాటు ఫిల్టరు, ఫిల్టరుకి వెళ్లే పైపు, రిటర్న్ పైపు కూడా ఖాళీ చేయాలి. వర్క్‌షాపు వాళ్లకి ఈ ఇరవై సెకన్ల మాట తప్పకుండా చెప్పండి. దాచిపెడితే ట్యాంకు ఒక్కటే కడిగి ఇచ్చేస్తారు.

షెడ్డు ఫోర్‌మన్:

ఖాళీ చేసే పద్ధతి రాస్తున్నాను. వర్క్‌షాపులో మీరు పక్కన నిలబడి చూసుకోవచ్చు.

ముందు భద్రత. డీజిల్ ఫ్లాష్ పాయింటు (ఆవిరి నిప్పు తగిలి అంటుకునే కనీస వేడి) మన ప్రమాణాల ప్రకారం 35 డిగ్రీల పైన, పెట్రోల్‌ది సున్నాకి ఎంతో కింద. డీజిల్‌లో ఒకటి రెండు శాతం పెట్రోల్ కలిసినా ఆ మిశ్రమాన్ని పెట్రోల్‌గానే చూడాలి. బంకు ఆవరణలో గొట్టం పెట్టి లాగొద్దన్నది అందుకే. నోటితో పీల్చడం అసలే వద్దు. ఒక గుటక ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రి పాలే, మింగినా వాంతి చేయించకూడదు. ఎలాగూ ఇప్పటి బళ్లలో ట్యాంకు మెడలో వాల్వు ఉంటుంది, పైనుంచి గొట్టం దిగదు. బలంగా తోస్తే ఆ వాల్వు పగులుతుంది, అది ఇంకో ఖర్చు.

గాలి ఆడే చోట, గుంత లేని సమతల నేల మీద బండి పెట్టాలి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, సర్వీసు పిట్‌లో దిగి కూర్చుంటుంది. తలుపులన్నీ తెరిచి పది నిమిషాలు వదిలేయాలి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ముందే తీసేయాలి, సీటు ఎత్తాక కాదు. పక్కన మంటలార్పే డీసీపీ (పొడి రసాయనం) సిలిండరు, 5 కిలోలది.

వెనక సీటు ఎత్తితే కింద గుండ్రటి మూత కనిపిస్తుంది. దాన్ని తీస్తే పంపు మాడ్యూల్, దాని మీద కనెక్టరు, రెండు పైపులు, చుట్టూ లాక్ రింగు. మూత చుట్టూ పేరుకున్న మట్టిని ముందు బ్రష్షుతో, గాలితో తీసేయాలి. లేకపోతే ఆ మట్టి ట్యాంకులోకే రాలుతుంది. కష్టపడి పెట్రోల్ తీసి ఇసుక నింపినట్టు. రింగుకి దాని టూల్ వాడాలి. ఇనుప ఉలి, సుత్తి వద్దు, నిప్పురవ్వ లేస్తుంది.

లాగడానికి చేతి పంపు గానీ, గాలితో నడిచే పంపు గానీ. మామూలు 12 వోల్టుల కరెంటు పంపులు ఈ పనికి కావు. పోసేది ఇనుప డబ్బాలోకి, డబ్బా నేల మీదే ఉండాలి, డబ్బాకీ బండి బాడీకీ మధ్య ఒక తీగ కలపాలి. ప్లాస్టిక్ బకెట్టులోకి పారిస్తే స్టాటిక్ కరెంటు పుడుతుంది. ‘బండి సొంత పంపుతోనే లాగేద్దాం, రిలే దగ్గర జంపర్ తీగ పెట్టి నేరుగా కరెంటిస్తే చాలు’ అనే మెకానిక్కులు ఉంటారు. పెట్రోల్ బండికి ఆ పద్ధతి సరే. డీజిల్ బండిలో ఆ పంపుని 27 లీటర్ల పెట్రోల్ మిశ్రమంతో తిప్పడం ఎందుకు, బయటి పంపు ఉండగా.

ఎంత లాగినా అడుగున రెండు లీటర్ల దాకా మిగులుతుంది. మీ 67 శాతం మిశ్రమంలో అది 1.33 లీటర్ల పెట్రోల్. అక్కడే ఆపి 40 లీటర్ల డీజిల్ పోస్తే 3 శాతానికి పైనే ఉండిపోతుంది. 5 లీటర్ల డీజిల్ పోసి, బండిని అటూ ఇటూ ఊపి, మళ్లీ రెండు లీటర్లు మిగిలేదాకా లాగితే మిగిలిన పెట్రోల్ 0.38 లీటరు. రెండోసారి ఇంకో 5 లీటర్లతో కడిగితే 0.11 లీటరు. ఇప్పుడు నింపితే 0.3 శాతం లోపు. కాబట్టి కడుగుడు రెండు సార్లు, 10 లీటర్ల డీజిల్ లెక్క వేసుకోండి. ట్యాంకు కిందకి దించి తుడిచేవాళ్లకి ఈ లెక్కలతో పని లేదు, కానీ కూలీ పెరుగుతుంది. కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లలో ట్యాంకు గుర్రం జీనులా రెండు పక్కలా దిగి ఉంటుంది, రెండు గదులూ విడివిడిగా లాగాలి. సగం ఖాళీ చేసి మొత్తం అయిపోయిందనుకునేది ఎక్కువగా ఈ బళ్లలోనే.

కడుగుడు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి హైడ్రోమీటరు (సాంద్రత కొలిచే గాజు గొట్టం) పెట్టండి. పెట్రోల్ సాంద్రత 0.72–0.775, డీజిల్ సుమారు 0.82–0.845 మధ్య, రెండూ 15 డిగ్రీల దగ్గర లెక్క. మీ మొదటి లాగుడు 0.77 చుట్టూ రావాలి. ఎండలో చదివితే డిగ్రీకి దాదాపు 0.0007 చొప్పున తక్కువ చూపిస్తుంది. 35 డిగ్రీల డీజిల్ 0.816 చూపిస్తే అది 15 డిగ్రీల దగ్గర 0.83. బంకులో డీజిల్ పంపు మీద ఆ రోజు సాంద్రత రాసి ఉంటుంది, దానితో పోల్చండి.

చివరగా ఫిల్టరు కొత్తది. పాతదాన్ని పారేయనివ్వకండి, కోసి చూపించమనండి. ఫిల్టరు హౌసింగ్ ఖాళీ చేసి తుడిచి, కొత్త ఫిల్టరుని డీజిల్‌తో నింపే బిగించాలి. చేతి ప్రైమర్ బుడ్డ ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. లేకపోతే తాళం ఆన్ చేసి శబ్దం ఆగేదాకా ఉంచి ఆఫ్ చేయడం, ఇలా ఐదారు సార్లు. రిటర్న్ పైపు చివరని సీసాలో పెట్టి బుడగలు లేకుండా డీజిల్ వచ్చేదాకా వదలాలి. ఎయిర్ పూర్తిగా తీయకుండా సెల్ఫ్ కొడుతూ పోతే హైప్రెషర్ పంపు పొడిగా తిరుగుతుంది. ఇంత జాగ్రత్తా తీసుకుని ఆఖర్న చేసే తప్పు అదే. సెల్ఫ్ ఒక్కోసారి 10 సెకన్లకి మించొద్దు, మధ్యలో అర నిమిషం గ్యాపు.

తీసిన మిశ్రమాన్ని జనరేటరుకో, ట్రాక్టరుకో, బైకుకో వాడేద్దామని చూస్తారు. ఏ ఇంజిన్‌కీ పనికిరాదు. దీపాలకి, స్టవ్వులకి కిరోసిన్‌లా వాడటం మరీ ప్రమాదం, పేలుతుంది. వాడేసిన ఆయిల్ తీసుకునే అధీకృత రీసైక్లరుకి వర్క్‌షాపు ద్వారానే పంపించండి.

బిల్లు కాగితం:

ఖర్చు సంగతి. బంకులో ఫిర్యాదు పుస్తకం అడిగి అందులో రాయండి, పేజీ ఫొటో తీసుకోండి. ఆయిల్ కంపెనీ సేల్స్ ఆఫీసరు నంబరు బంకులో బోర్డు మీద ఉంటుంది. సీసీటీవీ రికార్డు ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి దాన్ని భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా అడగండి. ‘డీజిల్ అని చెప్పారా, ఉత్త ఫుల్ ట్యాంక్ అన్నారా’ అన్న చోటే ఈ వివాదాలు ఆగుతాయి. మీ మూత మీద డీజిల్ స్టిక్కరు ఉంటే మీ వాదన బలపడుతుంది. హై సెక్యూరిటీ నంబరు ప్లేటు బళ్లకి ముందు అద్దం మీద ఉండే మూడో స్టిక్కరు డీజిల్‌కి నారింజ రంగు, పెట్రోల్, సీఎన్‌జీకి లేత నీలం. అది కూడా ఫొటో తీసి పెట్టుకోండి.

బంకు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు. కొన్నదాని విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వర్క్‌షాపు బిల్లులో ‘ఫ్యూయల్ సిస్టమ్ క్లీనింగ్’ అని ఒక ముక్కలో కాకుండా, ట్యాంకు నుంచి పెట్రోల్ కలిసిన ఎన్ని లీటర్లు తీశారో, సాంద్రత ఎంతో రాయించండి. ఒక లీటరు సీసాలో శాంపిల్ సీలు చేయించి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇనుము గానీ గాజు గానీ, ప్లాస్టిక్ వద్దు.

ఇన్సూరెన్సు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మామూలు ఓన్ డ్యామేజ్ పాలసీ యాంత్రిక వైఫల్యాన్ని ఇవ్వదు, తప్పు ఇంధనాన్ని సాధారణంగా ఆ గాటనే కడతారు. ఇంజిన్ ప్రొటెక్ట్ అన్న పేరు చూసి నమ్మొద్దు, అది ఎక్కువగా నీళ్లు చేరడం, ఆయిల్ కారడం గురించి. వారంటీ కూడా వర్తించదు.

కాకినాడ డ్రైవింగ్:

తెలియక కొంతదూరం నడిపేసిన బండికి ఏం చేయాలి? అలాగే పెట్రోల్ బండిలో డీజిల్ పడితే?

పంపు ల్యాబ్:

నడిపేస్తే మొదట ఏమీ తెలియదు. పైపుల్లో, ఫిల్టరులో ఉన్న పాత డీజిల్‌తో కొంతదూరం మామూలుగానే వెళ్తుంది. తర్వాత లాగుడు తగ్గుతుంది, ఇంజిన్ ‘టకటక’ పెరుగుతుంది, తెల్ల పొగ, చెక్ లైటు, ఆఖరికి ఆగిపోతుంది. మొదటి గుర్తుకే పక్కకి తీసి ఆపేయాలి. ఆగాక మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు.

అప్పుడు వర్క్‌షాపులో చూడాల్సినవి వరసగా: పాత ఫిల్టరు కోయడం. తర్వాత పంపు మీద ఉండే మీటరింగ్ వాల్వు (పంపులోకి ఎంత డీజిల్ వెళ్లాలో నియంత్రించేది) తీసి దాని జల్లెడ చూడటం. ఫిల్టరు కంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే రజను పంపులోనే పుడుతుంది. వెండి మెరుపులాంటి పొడి కనిపిస్తే ఇంక ఆశ వదులుకుని పంపు, రైలు, నాలుగు ఇంజెక్టర్లు, రిటర్న్ పైపు అన్నీ ల్యాబ్‌కి పంపడమే, ట్యాంకు దించి కడగడమే. పొడి లేకపోతే స్కానర్‌తో రైల్ ప్రెషర్ చూడాలి: ఐడిల్‌లో సుమారు 250–300 బార్ ఉండి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) అడిగినదీ పంపు ఇచ్చేదీ దగ్గరగా నడవాలి. పి0087 కోడ్ వస్తే ఒత్తిడి చాలట్లేదని. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి నాలుగు సీసాలు పెట్టి ఒక నిమిషం ఐడిల్‌లో వదిలితే ఏది ఎక్కువ కారుతుందో కనిపిస్తుంది. మిగతావాటికి రెట్టింపు కారేది పోయినట్టే. ఇంజెక్టరు మార్చితే దాని మీద చెక్కిన కోడ్ ఈసీయూలో ఎక్కించాలి, లేకపోతే కొత్తది పెట్టినా ఐడిల్ ఊగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన ఉన్నా, ఆయిల్ మట్టం పెరిగినా ఆయిల్, ఆయిల్ ఫిల్టరు కూడా మార్చాలి.

పెట్రోల్ బండిలో డీజిల్ పడితే ఇంత నష్టం ఉండదు. డీజిల్ జిడ్డు కాబట్టి పంపు అరగదు. స్పార్కుకి అంటుకోదు, ప్లగ్గులు మసిబారతాయి, పొగ కక్కి ఆగుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, రైలు కడిగి, ప్లగ్గులు తీసి తుడవడమో మార్చడమో చేస్తే చాలావరకు అయిపోతుంది. ప్లగ్గులు తీసినప్పుడే ఇంజిన్ కొన్ని చుట్లు తిప్పితే సిలిండర్లో నిలిచిన డీజిల్ బయటికి కొట్టేస్తుంది. అప్పుడు పక్కన ఎవరూ ఉండకూడదు, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు తీసి ఉండాలి. కాలకుండా పోయిన డీజిల్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరులో చేరితే అది పాడవుతుంది, కాబట్టి ఇక్కడ కూడా ‘ఇంకో రెండు సార్లు సెల్ఫ్ కొట్టి చూద్దాం’ వద్దు. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ బళ్లయితే ఇంజెక్టర్లని కూడా చూపించండి.

క్రేన్ డెస్క్:

గన్ను ముక్కు గురించి ఒక మాట. పెట్రోల్ గన్ను ముక్కు 21 మిల్లీమీటర్లు, డీజిల్‌ది 24 చుట్టూ. లావు రంధ్రంలోకి సన్న ముక్కు హాయిగా దిగుతుంది, అందుకే డీజిల్ బళ్లే ఎక్కువ బలవుతాయి. లావు ముక్కు వస్తేనే తెరుచుకునే మెడ మూతలు విడిగా అమ్ముతారు. కొనేముందు మీరు రోజూ పోయించుకునే బంకులో డీజిల్ ముక్కు కొలిచి చూసుకోండి, లేకపోతే ఆ మూత డీజిల్‌నీ రానివ్వదు. రంగుల మీద ఆధారపడొద్దు, ఒక కంపెనీ రంగు ఇంకో కంపెనీది కాదు.

షెడ్డు ఫోర్‌మన్:

బీఎస్-6 డీజిల్ బళ్లలో నీలం మూత ఉన్నవాళ్లకి ఇది కూడా. డెఫ్ ద్రవం (పొగలోని విషవాయువుల్ని తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసేది) డీజిల్ ట్యాంకులో పడితే పెట్రోల్ పడినదానికంటే ఘోరం. అది 32.5 శాతం యూరియా, మిగతాది నీరు. సాంద్రత 1.09, డీజిల్‌లో మునిగి నేరుగా పికప్ దగ్గరే కూర్చుంటుంది. ఆరితే తెల్ల స్ఫటికాలు కడతాయి, ఇనుముని తింటుంది. తాళం ఆన్ కూడా చేయకుండా టో చేయించి, ట్యాంకు దించే కడిగించాలి. తిరగేసి డీజిల్‌ని డెఫ్ ట్యాంకులో పోస్తే పైన తేలుతుంది, రబ్బరు సీళ్లు ఉబ్బుతాయి, డోసింగ్ పంపు, కొన్నిసార్లు ఎస్సీఆర్ (డెఫ్‌తో పొగని శుభ్రం చేసే భాగం) కూడా పోతాయి.

సూర్యాపేట రోడ్డు:

అయిపోయింది. మొదటి లాగుడులో 25 లీటర్లు వచ్చింది, రెండు సార్లు 5 లీటర్లతో కడిగారు. రెండో కడుగుడు తీసినప్పుడు హైడ్రోమీటరు 33 డిగ్రీల దగ్గర 0.810 చూపించింది. ఫిల్టరు కోస్తే రజను లేదు. ఆరు సార్లు తాళం ఆన్, ఆఫ్ చేశాక రెండో సెల్ఫ్‌కి అందుకుంది. ఐడిల్‌లో రైల్ ప్రెషర్ 270. బంకు వాళ్లు ట్యాంకు, ఫిల్టరు బిల్లు కడతామన్నారు, టోయింగ్ మీద ఇంకా మాట్లాడుతున్నారు.

పంపు ల్యాబ్:

0.810 అంటే 15 డిగ్రీల లెక్కకి 0.823. ఇంకా కొద్ది శాతం పెట్రోల్ ఉంది, ఆ అడుగు రెండు లీటర్లూ నిండు ట్యాంకులో కలిసిపోయాక లెక్కలోకి రాదు, సరిపోతుంది. ట్యాంకు నిండా ఉంచి ఒక 500 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ ఫిల్టరు అడుగున నీరు దించే మర తిప్పి ఒక గ్లాసు పట్టి చూడండి, ఇథనాల్ తెచ్చిన నీరు ఉంటే అక్కడ కనిపిస్తుంది. టోయింగ్ బిల్లు మీద బండి నంబరు, ఎత్తిన చోటు రాసి ఉందా? లేకపోతే ఇప్పుడే రాయించుకోండి.